సుంకేసుల నుంచి మన ఫారంపాండు దాకా: చేపపిల్ల కొత్తనీళ్లకు అలవాటుపడే కథ



ఈ పొద్దు శనగ గురించి కాదు, ఉల్లి రేటు గురించి కాదు. చేపపిల్లల గురించి రాస్తున్నా. వానలు పడి కుంటలు నిండినాయి. పక్క ఊర్లకు సీడు ఆటోలు రావడం మొదలైంది. మీలో ఎవరన్నా ఈ ఏడు ఫారంపాండులోనో, ఊరి చెరువులోనో పిల్లలు వదలాలనుకుంటుంటే సంచి మూతి విప్పకముందే ఇది చదవండి. కొంచెం పొడుగే. ఇందులో పాత చరిత్ర ఎక్కువ ఉంది. చరిత్ర ఎందుకప్పా అంటే, నేను చేసిన తప్పు ఏందో నాకు తెలిసింది ఆ చరిత్ర చదివినాకనే.

ముందు నా తప్పు చెప్పుకుంటా. నాలుగేళ్ల కిందట మా కుంటలో వెయ్యి పిల్లలు పోసినాం. బొచ్చె, రోహు కలిపి. పొద్దున తొమ్మిదికి రావాల్సిన ఆటో ఒంటిగంటకు వచ్చింది. ఎండ నెత్తిన కొడుతోంది. కూలోళ్లు అన్నానికి పోవాల. గబగబా సంచులు కోసి కుమ్మరించినాం. సంచిలో పిల్లలు చలాకీగా తిరుగుతుండేవి, నా కళ్లతో నేను చూసినా. పొద్దుగూకేసరికి కుంటంతా తెల్లటి కడుపులు తేలినాయి. మర్సటి రోజు గంపకెత్తి పారబోసినాం.

సగం డబ్బు నేనింకా ఇయ్యలే. సీడు తెచ్చిన పిల్లోడు ఫోను చేస్తే "చచ్చే సీడు అంటగట్టినావు, ఇంక పైసా ఇయ్యను" అన్నా. వాడు "అన్నా, నీ గట్టు మీద సంచి విప్పినప్పుడు బతికే ఉన్నాయి కదా" అన్నాడు. నేను వినలే. ఫోను పెట్టేసినా. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. నిజమే కదా, గట్టు మీద బతికున్నవి కుంటలో ఎందుకు చచ్చినాయి?

ఇప్పుడు పాత కథకు పోదాం.

మనది చెరువుల సీమ. నదులు మనకు దూరం, వానలు మనకు తక్కువ. అందుకే మన పెద్దోళ్లు వంక కనపడిన చోటల్లా కట్ట వేసినారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర ఒక శాసనం ఉంది, 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినాడు. చెరువు కట్టాలంటే ఏమేం ఉండాలో పన్నెండు అంగాలు, ఏమేం ఉండకూడదో ఆరు దోషాలు రాతి మీద చెక్కించినాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలను వంద బండ్లు, రెండేండ్ల పని అని లెక్క కూడా ఉంది. ఆ ఆరు దోషాల్లో ఒకటి చౌడునేల. ఈ చౌడు సంగతి గుర్తు పెట్టుకోండి, కిందికి పోయినాక పనికొస్తుంది.

ఆ చెరువుల్లో చేపలు ఎవరు పోసినారు? చాలావరకు ఎవరూ పోయలే. వంక పారినప్పుడు వాటంతటవే ఎదురెక్కి వచ్చినాయి. కొరమేను, మార్పు, పరిగెలు. కొరమేనుకు, మార్పుకు గాలి పీల్చుకునే గుణం ఉంది, నీళ్లు చెడినా కొంతకాలం బురదలో ఓర్చుకుంటాయి. మన ఎండలకు పుట్టిన చేపలు అవి. వాటికి "అలవాటు చెయ్యడం" అని ఒక పని లేదు, ఎందుకంటే అవి తెచ్చినవి కావు, వచ్చినవి.

బొచ్చె, రోహు, మృగాల అట్ల కాదు. అవి ప్రధానంగా గంగానది ప్రాంతపు చేపలు. వరద పారే నదిలో గుడ్లు పెడతాయి కానీ నిలవ నీళ్ల చెరువులో పెట్టవు. చెరువులో బాగా పెరుగుతాయి, పిల్లల్ని మాత్రం బయటి నుంచి తేవాల్సిందే. అంటే ఒక నీళ్లలో పుట్టినదాన్ని ఇంకో నీళ్లలో వదలాల. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

చేపను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడంలో తెల్లదొరలు కూడా బాగా దెబ్బ తిన్నారు. ఫ్రాన్సిస్ డే అని మద్రాసు సైన్యంలో డాక్టరు ఉండేవాడు. మన దేశపు చేపల మీద పెద్ద పుస్తకం రాసినాయన ఆయనే. 1863లో ఇంగ్లాండు నుంచి ట్రౌట్ చేప గుడ్లు నీలగిరులకు తేవాలని చూసినాడు. పని కాలే. చల్లటి నీళ్ల చేప అది, దూరం ఎక్కువ, దారి పొడుగునా వేడి. ఎన్నో ప్రయత్నాల తర్వాత 1900 దాటినాక గానీ, మద్రాసు ప్రభుత్వం చేపల పెంపకం నిపుణుడు హెచ్.సి. విల్సన్ చేతుల మీద గానీ ట్రౌట్ ఆ కొండల్లో నిలబడలేదు.

గౌరామి కథ కూడా అంతే. ఈ కాలంలో అద్దాల తొట్టిలో పెంచుకునే చేపల్లో గౌరామి పేరు మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. అందులో పెద్ద జాతి ఒకటి తినే చేప. దాన్ని 1865 ప్రాంతంలో జావా, మారిషస్‌ల నుంచి మన దేశానికి తెచ్చినారు. నిలదొక్కుకోలే. మళ్లీ 1916లో మద్రాసు చేపల శాఖ తెప్పించినాక నిలబడింది. ఒకే చేప, ఒకే దేశం. మధ్యలో యాభై ఏండ్లు పట్టింది.

ఈ చేపల శాఖ ఎట్ల పుట్టిందో కూడా చెప్తా. ఫ్రెడరిక్ నికల్సన్ అని ఒక దొర. రైతులకు అప్పు ఇచ్చే సహకార సంఘాలు పెట్టాలని 1890ల్లో పెద్ద రిపోర్టు రాసినాయన. మనం ఇయ్యాల సొసైటీలో అప్పు తీసుకుంటున్నామంటే దాని వెనక ఆయన రాత ఉంది. ఆయన్నే 1905లో మద్రాసు ప్రభుత్వం చేపల పని మీద పెట్టింది. చూడండి, రైతు అప్పుల గురించి ఆలోచించిన మనిషే చేపల గురించీ ఆలోచించినాడు.

ఆ శాఖ 1911లో ఒక చేపల ఫారం కట్టింది. ఎక్కడో కాదు, మన సుంకేసులలో. కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద ఆనకట్ట ఉన్న సుంకేసులనే. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ అక్కడి నుంచి కడప దాకా కాలువ తవ్వింది. అదే మన కేసీ కెనాల్, 306 కిలోమీటర్లు. పడవలు కూడా నడపాలని తవ్వినారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. పైరుకు పారే ఆ నీళ్ల పక్కనే చేపపిల్లల్ని పెంచే పని మొదలైంది. మద్రాసు రాష్ట్రమంతా వెతికి మన కరువు జిల్లాలో మొదట్లోనే ఫారం పెట్టినారంటే నాకైతే భలే గర్వంగా అనిపించింది. మన పిల్లలకు బడిలో ఈ మాట చెప్పేవాళ్లు లేరు.

ఇక కుండల కాలానికి వద్దాం. నా దృష్టిలో మనం బాగా తెలుసుకోవాల్సింది ఇదే.

1950ల దాకా చేపసీడు అంటే బెంగాలు. వరదల కాలంలో హుగ్లీ లాంటి నదుల్లో సన్నటి వలలు కట్టి అప్పుడే పుట్టిన పిల్లల్ని పట్టేవాళ్లు. కంటికి ఆనీ ఆనని పిల్లలు. వాటిని "హండీ" అనే మట్టికుండల్లో పోసి హౌరా నుంచి రైళ్లలో దూరదేశాలకు పంపేవాళ్లు. ఒక కుండలో దగ్గర దగ్గర 23 లీటర్ల నీళ్లు, 50 వేల దాకా పిల్లలు.

కుండతో పాటు మనిషి పోవాల. కుండ ఒంటరిగా పోదు. ఆ మనిషి పని ఏందంటే, దారి పొడుగునా కూర్చొని నీళ్లను చేత్తో కదిలిస్తుండాల, గాలి కలవాలని. రైలు ఆగిన చోట కొంచెం పాత నీళ్లు తీసి కొంచెం కొత్త నీళ్లు పొయ్యాల. మెత్తగా నూరిన ఎర్రమట్టి ఇంత కలపాల. చచ్చిన పిల్లల కుళ్లు, చెత్త ఆ మట్టికి పట్టుకొని అడుక్కు దిగుతాయి. ఇంకో మాట. నదిలో పట్టిన పిల్లల్ని పట్టిన రోజే బండి ఎక్కించేవాళ్లు కాదు. రెండు మూడు రోజులు కుండల్లోనే పెట్టి, నీళ్లు మారుస్తూ, ఇరుకుకు అలవాటు చేసి అప్పుడు పంపేవాళ్లు.

చదువు లేని ఆ మనుషులకు ఆక్సిజన్ అనే పేరు తెలుసో తెలీదో. పని మాత్రం తెలుసు. అయినా దారిలో చాలా పిల్లలు చచ్చేవి. కుండలు పగిలేవి. కానీ ఒకటి గమనించండి. బతికి గట్టు చేరిన పిల్ల అప్పటికే నాలుగు ఊర్ల నీళ్లు తాగి ఉండేది. కొత్తనీళ్లకు కొంచెం కొంచెంగా అలవాటయ్యే వచ్చేది. ఆ అలవాటు చేసింది కుండ పక్కన కూర్చున్న మనిషి చెయ్యి.

తర్వాత రెండు పెద్ద మార్పులు వచ్చినాయి.

మొదటిది 1957 జులై 10. ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు పెద్ద చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసం తీసి, గుడ్ల మీదున్న చేపకు సూది వేసి, నది లేకుండానే గుడ్లు పెట్టించినారు. అందుకే జులై 10న దేశమంతా చేప రైతుల దినం చేస్తారు. దాంతో నది వరద కోసం కాచుకునే పని తప్పింది. హ్యాచరీలు వచ్చినాయి. సీడు మనకు దగ్గరైంది. ఇప్పుడు కొల్లేరు పక్క కైకలూరు నుంచీ వస్తోంది, మన జిల్లాల్లోనే దొరుకుతోంది.

రెండోది ప్లాస్టిక్ సంచి. మూడో వంతు నీళ్లు, మిగిలిన రెండు వంతులు ఆక్సిజన్, మూతి బిగించి కట్టు. మొదట్లో ఆ సంచిని కిరసనాయిలు డబ్బాలో దించి పంపేవాళ్లు, చినగకుండా. కుండ పక్కన మనిషి అక్కరలేదు. చేత్తో కదిలించే పని లేదు. గంటల తరబడి ప్రయాణం చేసినా పిల్ల బతికుంటుంది. గొప్ప మేలే, కాదనను.

అయితే ఆ సంచి ఒక పనిని మాయం చేసింది. కొత్తనీళ్లకు అలవాటు చేసే పని. కుండ మనిషి దారి పొడుగునా చేసిన పని సంచిలో జరగదు. మూతి కట్టినప్పుడు హ్యాచరీ నీళ్లే, విప్పినప్పుడూ ఆ నీళ్లే, ఇంకా చెడిన నీళ్లు. ఆ మిగిలిపోయిన పనంతా గట్టు మీద రైతు నెత్తిన పడింది. మనకు మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలే. సంచి కొయ్యి, కుమ్మరించు, ఇంతే అనుకున్నాం. నేను చేసింది అదే.

సంచి లోపల ఏం జరుగుతుందో నాకు తెలిసినంత చెప్తా. పిల్లలు గాలి పీల్చి వదులుతాయి కదా, ఆ చెడుగాలి (కార్బన్ డయాక్సైడ్) బయటికి పోయే దారి లేక నీళ్లలో కలుస్తుంది. నీళ్లు పులుపెక్కుతాయి, అంటే పీహెచ్ తగ్గుతుంది. వాటి ఒంటి నుంచి, ఎక్కువగా మొప్పల గుండా, అమోనియా చేరుతుంది. పులుపు నీళ్లలో అమోనియా అంత హాని చెయ్యదు. నీళ్లకు చౌడు గుణం ఎక్కితే అదే విషమైతుంది. ఇప్పుడు పోరుమామిళ్ల శాసనంలో చౌడు మాట గుర్తు చేసుకోండి. ఆ దోషం రాసింది చెరువు కట్టడానికి, చేపలకు కాదు. కానీ మన బోరు నీళ్లు ఎట్లుంటాయో మీకు తెలుసు. గిన్నెకు తెల్ల పొర కడతాయి. సబ్బు నురగ రాదు. ఆ నీళ్లలో పులుపు నీళ్ల పిల్లను ఒక్కసారి పారేస్తే దాని మొప్పలు, రక్తం తట్టుకోలేవు.

వేడి ఇంకోటి. మనకు చెమట పడుతుంది, ఒళ్లు సర్దుకుంటుంది. చేపకు అట్ల లేదు, నీళ్లు ఎంత వేడో దాని ఒళ్లు అంత వేడి. నాలుగైదు డిగ్రీల తేడా ఒక్క నిమిషంలో మారితే పెద్ద చేపకే కష్టం, బొటనవేలంత పిల్ల సంగతి చెప్పేదేముంది. మధ్యాహ్నం ఒంటిగంటకు, ప్లాస్టిక్ షీటు పరిచిన మన కుంటలో పైనీళ్లు ఎట్ల కాగుతాయో చెయ్యి పెట్టి చూడండి.

ఇదంతా నేను మొదట నేర్చుకున్నది ఏ ఆఫీసులోనూ కాదు. కర్నూలులో ఒక చిన్న అంగట్లో. మనవరాలు అద్దాల తొట్టి కావాలని ఏడిస్తే తీసుకుపోయినా. అంగట్లో పిల్లోడు రెండు చిన్న గౌరామి చేపలు సంచిలో కట్టిచ్చి "తాతా, ఇంటికి పోయినాక సంచిని తొట్టి నీళ్లలో పదహైదు నిమిషాలు అట్లనే తేలెయ్యి. తర్వాత కొంచెం కొంచెం తొట్టి నీళ్లు కలుపు. కొళాయి నీళ్లు నేరుగా పోస్తే క్లోరిన్‌కు చస్తాయి, ఒక రోజు ముందే పట్టి పెట్టుకో" అన్నాడు. అరవై రూపాయల చేపకు ఇంత మర్యాద ఉంది. నేను వేలు పోసి తెచ్చిన సీడును బకెట్టు నీళ్లు పారబోసినట్టు పారబోసినా. అంగడి బయటే నిలబడిపోయినా. ఆ రాత్రి నిద్ర పట్టలే. ఆ తర్వాతే పాత సంగతులన్నీ వెతికి చదవడం మొదలుపెట్టినా.

ఇప్పుడు నేను చేస్తున్న పద్ధతి రాస్తా. కొత్తదేం కాదు, కుండ మనిషి పనే, మనం గట్టు మీద చేస్తున్నాం.

ఒకటి. సీడు చెప్పకముందే నీళ్లు చూసుకోవాల. కొత్తగా పట్టిన బోరు నీళ్లలో గాలి ఉండదు. ఎత్తు నుంచి పడేటట్టు పట్టి కొన్ని రోజులు ఎండకు, గాలికి నిలవ పెట్టాల. వీలైతే పది చేపల్ని దోమతెర బుట్టలో కట్టి ఒక రోజు ఆ కుంటలోనే ఉంచండి. అవి బతికితే సీడు తెప్పించండి. పది పోతే పది, వెయ్యి పోవు కదా.

రెండు. సీడు ఇచ్చేవాళ్లను అడగండి, ప్యాకింగుకు ముందు మేత ఆపి పిల్లల్ని తొట్టిలో నిలవ పెట్టినారా అని. కడుపు ఖాళీ అయిన పిల్ల సంచి నీళ్లను తక్కువ చెడగొడుతుంది. బెంగాలు మనుషులు రెండు మూడు రోజులు కుండల్లో పెట్టింది ఊరికే కాదు.

మూడు. చల్ల పొద్దులో వదలండి. మాపటేళ మేలు. పొద్దునైతే ఎండ ఎక్కకముందు. అయితే నీళ్లు బాగా పచ్చగా పాచి పట్టి ఉంటే తెల్లారుజామున వద్దు, రాత్రంతా పాచి గాలి తాగేసి ఆ వేళకు నీళ్లలో ఆక్సిజన్ తగ్గి ఉంటుంది.

నాలుగు. సంచి మూతి విప్పకుండా నీళ్ల మీద తేలెయ్యండి. పదహైదు ఇరవై నిమిషాలు. నీడ పట్టున వేస్తే మంచిది, ఎండలో వేస్తే సంచే కాగుతుంది.

ఐదు. మూతి విప్పినాక కుంట నీళ్లు ఒక చెంబు పొయ్యండి. ఐదు నిమిషాలు ఆగి ఇంకో చెంబు. అట్ల మూడు నాలుగు సార్లు. విప్పిన సంచిలో గంటల తరబడి పెట్టొద్దు. విప్పగానే చెడుగాలి పోతుంది, పులుపు తగ్గుతుంది, అమోనియా అప్పుడే పదునెక్కుతుంది. నిమ్మళంగా చెయ్యండి, కానీ నిద్రపోవద్దు.

ఆరు. సంచిని ఒక పక్కకు వంచి పట్టుకోండి. పిల్లలే ఈదుకుంటా బయటికి పోవాల. మనం కుమ్మరించకూడదు. పోకుండా సంచిలోనే మూలకు ముడుచుకుంటే ఇంకో రెండు చెంబులు పోసి ఆగండి.

మొత్తం అర్ధగంట, ముప్పావు గంట పని. కూలోళ్లు అన్నానికి పోనీండి, మనం ఉందాం.

ఈ పద్ధతితో అన్నీ బతుకుతాయని నేను చెప్పను. కొంగలు తింటాయి, పాములు తింటాయి, కొన్ని దారిలోనే అలిసి ఉంటాయి. కానీ మళ్లీ గంపకెత్తే పని నాకు పడలే.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తా. ఆ పిల్లోడికి నేను ఇయ్యకుండా ఎగ్గొట్టిన సగం డబ్బు పోయిన ఏడు తీసుకుపోయి ఇచ్చినా. ఇంటికి పోయి, తప్పు నాదే అబ్బాయా అన్నా. వాడు డబ్బు లెక్క పెట్టుకోలే. "సంచి తేలెయ్యమని ఆ రోజే చెప్దామనుకున్నా అన్నా, ఆలస్యంగా వచ్చినానని మీరు కోపంగా ఉంటిరి, నోరు రాలే" అన్నాడు.

మూడేండ్లు నేను ఊర్లో వాడి సీడు మంచిది కాదని చెప్పుకుంటా తిరిగినా. ఎంతమంది వాడి దగ్గర కొనడం మానేసినారో నాకు లెక్క తెలీదు. ఆ డబ్బు ఇచ్చినా ఆ మాట వెనక్కి రాదు. అందుకే ఇంత పొడుగు రాసినా. మీ కుంటలో పిల్లలు చచ్చినాయంటే సీడు తెచ్చినోణ్ణి తిట్టే ముందు, గట్టు మీద ఆ అర్ధగంట ఏం చేసినామో ఒకసారి గుర్తు చేసుకోండి.

వానలు బాగా పడాల. అందరి కుంటలూ మరువ పారాల. ఉంటా.